టెస్టర్ వెలిగినంత మాత్రాన హీటర్ ప్లగ్గు కాలుతున్నట్టు కాదు: రిలే వైరింగ్‌లో లోపం పట్టుకునే పద్ధతి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది గుంటూరు, బండి పాత 2 లీటర్ల డీజిల్ సుమో. తెల్లవారుజామున మిర్చి యార్డుకి బయల్దేరే వేళకి సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజన్ అందుకోవడం లేదు. సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తోంది. ఒకసారి అందుకున్నాక మాత్రం రోజంతా చిన్న సెల్ఫ్‌కే స్టార్టవుతోంది. స్టార్టింగ్‌కి ముందు ఎర్రగా కాలి సిలిండర్‌ని వేడెక్కించే నాలుగు హీటర్ ప్లగ్గులూ కొత్తవి వేయించారు, మార్పు లేదు. డాష్‌బోర్డు మీద కాయిల్ గుర్తు లైటు మామూలుగానే వెలిగి ఆరుతోంది. ప్లగ్గు దగ్గర టెస్టర్ పెడితే అదీ వెలుగుతోంది. ఎలక్ట్రీషియన్ గారు రిలే, అంటే చిన్న కరెంటుతో ప్లగ్గుల పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి, మార్చమంటున్నారు. ఇంకొకరు ఆ రిలే అంతా పీకేసి, పుష్ బటన్ పెట్టి డైరెక్ట్ ఇచ్చేద్దామంటున్నారు. ఏది చేయాలి అని అడిగారు.

ఇప్పుడే రెండూ వద్దండి. ముందు ఒక మల్టీమీటర్ పట్టుకుని కొలవండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా డీజిల్ బళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. ఇలాంటి కేసుల్లో ప్లగ్గులు మార్చి, రిలే మార్చి, చివరికి బ్యాటరీ కూడా మార్చి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువసార్లు లోపం ఏ వస్తువులోనూ ఉండదు, వస్తువుకీ వస్తువుకీ మధ్య ఉన్న జాయింట్లలో ఉంటుంది. అది కొలిస్తేనే దొరుకుతుంది.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే హీటింగ్ సర్క్యూట్ మీద అనుమానం సబబే. డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తోందంటే ఆయిల్ (డీజిలే) సిలిండర్‌లోకి చేరుతోంది, కానీ కాలకుండానే బయటికి పోతోంది. పొగే లేకపోతే పంపు, ఫిల్టర్, లైన్‌లో గాలి వైపు చూడాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కూడా మొండికేస్తుంటే హీటర్ల జోలికి వెళ్లడం దండగ. మీకు చల్లగా ఉన్నప్పుడే ఇబ్బంది, వేడెక్కాక లేదు కాబట్టి దారి సరైనదే.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. డీజిల్ ఇంజన్‌లో స్పార్కు ఉండదు. గాలిని నొక్కితే పుట్టే వేడికే ఆయిల్ అంటుకోవాలి. పాత సుమో 2 లీటర్లు, పాత ఇండికా 1.4, క్వాలిస్ 2.4, ఇసుజు ఇంజన్ వేసిన అంబాసిడర్ డీజిల్, ఇవన్నీ ప్రీ చాంబర్ రకం. ఆయిల్ ముందు హెడ్డులోని చిన్న గదిలో పడి అంటుకుంటుంది. ఆ గది గోడలు చల్లగా ఉంటే నొక్కిన గాలి వేడిని అవే లాగేస్తాయి. అందుకే వీటికి హీటర్ ప్లగ్గు అంత ముఖ్యం. అయితే గుంటూరులో, బెజవాడలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఉదయం పూట కూడా గాలి వెచ్చగానే ఉంటుంది. ఎండాకాలంలో రెండు ప్లగ్గులు పనిచేయకపోయినా బండి స్టార్టవుతుంది, మనకి తెలియదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరికి దిగగానే, ఎప్పుడో వచ్చిన లోపం అప్పుడు బయటపడుతుంది. కాబట్టి "నిన్నటిదాకా బాగానే ఉంది" అనుకుని నిన్న ఏం మారిందా అని వెతక్కండి. వర్షాకాలంలోనే చిలుము పట్టి ఉండవచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. డాష్‌బోర్డు లైటు వెలిగి ఆరడానికీ ప్లగ్గులు కాలడానికీ చాలా బళ్లలో సంబంధం లేదు. ప్లగ్గులకి ఎంతసేపు కరెంటివ్వాలో చూసే టైమర్ తన లెక్క ప్రకారం లైటు వెలిగించి ఆర్పుతుంది. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి పక్కన పెట్టినా ఆ లైటు అలాగే వెలిగి ఆరుతుంది. దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

టెస్టర్ సంగతీ అంతే. చిన్న బల్బు టెస్టర్‌కి అర ఆంపియర్ కూడా అక్కర్లేదు, ఎల్ఈడీ టెస్టర్‌కి అందులో ఎంతో తక్కువ చాలు. ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ ఒక ఓమ్‌కి అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఒక్కో ప్లగ్గూ మొదట్లో పది, పదిహేను, కొన్ని రకాల్లో ఇరవై ఆంపియర్లు కూడా లాగుతుంది. నాలుగూ కలిసి మొదటి కొద్ది క్షణాలు 60 ఆంపియర్లు దాటడం మామూలే. తర్వాత వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా టెస్టర్‌ని చక్కగా వెలిగిస్తుంది, 60 ఆంపియర్లు అడిగితే మాత్రం చేతులెత్తేస్తుంది. డెల్టాలో కాలువ చివరి పొలం ఉన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పైవాళ్లు తూములు మూసినప్పుడు కాలువలో నీళ్లు కనిపిస్తాయి, అందరూ ఒకేసారి తెరిచాకే చివరిదాకా ఎంత చేరుతోందో తెలుస్తుంది.

అందుకే కొలత లోడు మీదే, అంటే ప్లగ్గులన్నీ కలిపి ఉండి కరెంటు లాగుతున్నప్పుడే తీసుకోవాలి. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేయండి, వేడిగా ఉంటే టైమర్ కరెంటు ఇవ్వకపోవచ్చు. పక్కన ఒకరిని కూర్చోబెట్టి తాళం ఆన్ చేయమనండి, సెల్ఫ్ కొట్టొద్దు. మీటర్‌ని 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి ముందు బ్యాటరీ మీద కొలవండి. తాళం ఆన్ చేయకముందు 12.5 దరిదాపుల్లో ఉండి, ప్లగ్గులు లాగుతున్నప్పుడు కొంచెం దిగి 11.5 నుంచి 12 మధ్య నిలబడితే బ్యాటరీ ఫర్వాలేదు. ఇక్కడే ఇంకో సూచన దొరుకుతుంది. తాళం ఆన్ చేసినా బ్యాటరీ వోల్టేజీ కదలనే కదలకపోతే, ప్లగ్గుల వైపు పెద్ద కరెంటేమీ పోవట్లేదని అర్థం. వెంటనే మీటర్ ఎర్ర పిన్ను ప్లగ్గు తల మీద, నల్ల పిన్ను ఇంజన్ హెడ్డు మీద పెట్టి మళ్లీ కొలవండి. బ్యాటరీ దగ్గర 11.8 ఉండి ప్లగ్గు దగ్గర 11 ఉంటే బాగున్నట్టే. 9.5 చూపిస్తే దారిలో రెండు వోల్టులకు పైగా ఎవరో తినేస్తున్నారు.

రెండు వోల్టులే కదా అనుకోకండి. వేడి వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 11 వోల్టుల నుంచి 9.5కి పడితే ప్లగ్గులో పుట్టే వేడి దాదాపు నాలుగో వంతు పోతుంది. కొన 800 డిగ్రీలు దాటి ఎర్రబడాల్సింది, సరిగా ఎర్రబడదు. కొత్త ప్లగ్గులు వేసినా మీకు మార్పు కనబడకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

ఇప్పుడు ఆ వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవాలి. దీనికి మీటర్ రెండు పిన్నులనీ ఒకే దారిలో రెండు చోట్ల పెట్టి కొలుస్తాం. ఎర్ర పిన్ను బ్యాటరీ ప్లస్ మీద, నల్ల పిన్ను రిలేకి కరెంటు వచ్చే 30 నంబరు టెర్మినల్ మీద పెట్టి, తాళం ఆన్ చేయించండి. మీటర్ చూపించేది ఆ ముక్కలో పోయిన వోల్టేజీ. 0.2, 0.3 లోపు ఉంటే ఆ ముక్కకి సెలవిచ్చేయండి. తర్వాత రిలే 30 నుంచి, ప్లగ్గుల వైపు కరెంటు బయటికి పోయే 87కి. ఇక్కడ 0.2 దాటితే రిలే లోపల కాంటాక్టులు కాలిపోయాయి, అప్పుడు రిలే మార్చండి. తర్వాత 87 నుంచి ప్లగ్గుల మీద ఉండే పట్టీకి. ఆఖరున ఇంజన్ హెడ్డు నుంచి బ్యాటరీ మైనస్‌కి. ఎక్కడ అంకె పెద్దగా వస్తే దొంగ అక్కడున్నాడు. ఇంత చేయడానికి అరగంట కూడా పట్టదు, ఒక్క సామానూ కొననక్కర్లేదు.

మొదటి ముక్కలో పెద్ద అంకె వస్తే ముందు ఫ్యూజు లింకుని అనుమానించండి. ఇంజన్ పక్కన చిన్న డబ్బాలో బోల్టులతో బిగించిన రేకు ఫ్యూజు ఉంటుంది. దానికి కనీకనపడని చీలిక వచ్చినా, బోల్టు కింద నల్లబడినా, చూపుకి బాగానే ఉంటుంది, లోడు మీద వేడెక్కుతుంది. తాళం రెండు మూడుసార్లు ఆన్ చేశాక వేలితో తాకి చూడండి. ఈ సర్క్యూట్‌లో వేడెక్కాల్సింది ప్లగ్గు కొన ఒక్కటే. ఇంకెక్కడ వేడి తగిలినా అక్కడ లోపం ఉంది.

ప్లగ్గుల మీది పట్టీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ప్లగ్గులు మార్చిన ప్రతిసారీ చేయి పడేది దాని మీదే. నాలుగు ప్లగ్గుల తలల్నీ ఈ రేకు కలుపుతుంది. దాన్ని తీసి, నూనె మడ్డి తుడవకుండానే మళ్లీ వేసి బిగిస్తారు. నట్టు కింద మడ్డి, కార్బన్ ఉండిపోతాయి. ఇంజన్ అదురుకి రేకు రెండో ప్లగ్గుకీ మూడో ప్లగ్గుకీ మధ్య చిట్లితే, కరెంటు వచ్చే వైపు రెండు మాత్రమే కాలుతాయి. మీరు కొలిచిన ప్లగ్గు ఆ వైపుదైతే అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకని నాలుగు ప్లగ్గుల తలల మీదా విడివిడిగా కొలవండి. రేకు విప్పినప్పుడు రెండు వైపులా సన్న ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్దండి, నట్లు శుభ్రంగా బిగించండి, కానీ బలమంతా చూపించకండి. ప్లగ్గు తల మీది మర పిన్ను సన్నది, తిరిగిపోతే ప్లగ్గు పాడైనట్టే. కరెంటు తెచ్చే లావు వైరు లగ్గు (వైరు కొసకి నొక్కిన లోహపు రింగు) కూడా ఈ రేకు మీదే ఉంటుంది. లగ్గు మెడ దగ్గర ఇన్సులేషన్ వెనక్కి జరిపి చూడండి. రాగి పచ్చగా చిలుము పట్టినా, పొడిపొడిగా రాలుతున్నా అంతవరకు కోసేసి కొత్త లగ్గు వేయాల్సిందే.

ఎర్త్ దగ్గర, అంటే ఇంజన్ హెడ్డుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య, అంకె పెద్దగా వస్తే, ఎప్పుడైనా ఇంజన్ దింపి ఎక్కించారేమో గుర్తు చేసుకోండి. ఇంజన్‌ని చాసిస్‌కి కలిపే అల్లిక పట్టీని మళ్లీ బిగించడం మర్చిపోవడం, పెయింటు మీదే బిగించేయడం మామూలుగా జరిగేదే. అప్పుడు సెల్ఫ్ కూడా బరువుగా తిరుగుతుంది. పట్టీ పూర్తిగా ఊడిపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబులు, క్లచ్ కేబులు మీదుగా దారి వెతుక్కుంటుంది, అవి వేడెక్కడం, కాలిపోవడం కూడా ఉంటుంది.

రిలే విషయానికొస్తే, తాళం ఆన్ చేయగానే టక్ మని శబ్దం వస్తోందా లేదా అన్నది మొదటి ప్రశ్న. వస్తే రిలే లోపలి కాంటాక్టుల్ని లాగే కాయిల్ వైపు బాగుంది, పైన చెప్పిన కొలతలు చాలు. రాకపోతే రిలే పీకి, సాకెట్‌లో కాయిల్‌కి చెందిన 85, 86 రంధ్రాల మధ్య టెస్ట్ లాంప్ పెట్టి తాళం ఆన్ చేయండి. వెలిగితే ఆజ్ఞ వస్తోంది, రిలే కాయిల్ తెగింది. వెలగకపోతే టెస్ట్ లాంప్ ఒక కొసని బాడీకి పెట్టి రెండు రంధ్రాలనీ తాకండి, తర్వాత ఆ కొసని బ్యాటరీ ప్లస్‌కి పెట్టి తాకండి. ప్లస్ రావట్లేదో ఎర్త్ రావట్లేదో తేలిపోతుంది. ప్లస్ లేకపోతే ఫ్యూజు, తాళం స్విచ్చి. ఎర్త్ లేకపోతే టైమర్, దానికి వచ్చే టెంపరేచర్ సెన్సార్ వైరు. ఆ సెన్సార్ వైరు బాడీకి షార్టయితే టైమర్ సాధారణంగా ఇంజన్ వేడిగా ఉందనుకుని హీటింగే ఇవ్వదు. కొన్ని బళ్లలో రిలే, టైమర్ కలిపి ఒకే డబ్బాలో ఉంటాయి. వాటి మీద 85, 86 కనపడవు. 30 బ్యాటరీ, 15 తాళం, 31 ఎర్త్, 50 సెల్ఫ్ సిగ్నల్ అని గుర్తుపెట్టుకుంటే ఎక్కువ డబ్బాలకి సరిపోతుంది.

రిలే మార్చాల్సి వస్తే ఒక్క జాగ్రత్త. హారన్‌కి, హెడ్‌లైట్‌కి వేసే 30, 40 ఆంపియర్ల చిన్న రిలే ఇందులో వేయకండి. సాకెట్‌లో పడుతుంది, నాలుగు రోజులు పనిచేస్తుంది కూడా. ఆ తర్వాత కాంటాక్టులు కాలిపోతే హీటింగ్ ఉండదు, అతుక్కుపోతే అంతకన్నా ప్రమాదం. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ప్లగ్గులు కాలుతూనే ఉంటాయి, కొన ఉబ్బి హెడ్డులో ఇరుక్కుంటుంది, లేదా విరిగి లోపల పడుతుంది. తీయబోతే హెడ్డు దింపే పని. 70 ఆంపియర్ల రిలే అని అడిగి, మీద అంకె చూసి తీసుకోండి. పాత రిలేని బయట పరీక్షించాలంటే చిన్న బల్బుతో కాదు, పాత హెడ్‌లైట్ బల్బు రెండు ఫిలమెంట్లూ కలిపి లోడు ఇచ్చి చూడండి. తొమ్మిది పది ఆంపియర్లు లాగుతుంది, కాలిన కాంటాక్టు అప్పుడు కొంతైనా బయటపడుతుంది.

యార్డు దగ్గర, మిల్లుల దగ్గర రాత్రిళ్లు నిలిపే బళ్లకి ఎలుకల బెడద ఉంటుంది. వైరు పైకి బాగానే కనిపిస్తుంది, బ్రాకెట్ వెనక ఇన్సులేషన్ కొరికేసి ఉంటుంది. వైరు కట్ట ఇంజన్‌కి రాసుకునే చోట్లు, బ్యాటరీ ట్రే కింద యాసిడ్ కారే చోటు చేత్తో తడిమి చూడండి. దానికి ముందు బ్యాటరీ మైనస్ విప్పండి, చేతికి ఉంగరం, స్టీలు వాచీ ఉంటే తీసేయండి. లావు వైరుకీ బాడీకీ మధ్య ఉంగరం పడితే వేలు కాలిపోతుంది.

కొత్త వైరు లాగాల్సి వస్తే దాని లావు దగ్గర పొదుపు చేయకండి. 2.5 స్క్వేర్ ఎం.ఎం. ఇంటి వైరు రెండు మీటర్లు లాగితే 60 ఆంపియర్ల దగ్గర వైరులోనే 0.84 వోల్టు పోతుంది. అదే 10 స్క్వేర్ అయితే 0.21. పైగా సన్న వైరు మెత్తబడి ఇన్సులేషన్ కరుగుతుంది. 10 స్క్వేర్ ఆటో కేబులు, రాగి లగ్గులు, వాటిని నొక్కే సరైన టూలు కావాలి. సుత్తితో కొట్టి టేపు చుట్టిన లగ్గు ఒక వర్షాకాలానికే మళ్లీ మొదటికొస్తుంది. లగ్గు మెడ మీద హీట్ ష్రింక్ స్లీవు వేయండి. బ్యాటరీకి దగ్గరగా, రిలేకి ముందు ఫ్యూజు తప్పనిసరి.

పుష్ బటన్ సలహా గురించి. ప్లగ్గుల కరెంటంతా డాష్‌బోర్డులోని బటన్ గుండా పోయేలా పెడితే అది నిప్పుతో చెలగాటం, ఇందులో రెండో మాట లేదు. 60 ఆంపియర్లు మోసే వైరుని క్యాబిన్‌లోకి తెచ్చి, దానికి ఫ్యూజు కూడా లేకుండా వదిలేసిన బళ్లు వస్తుంటాయి, చూస్తేనే భయమేస్తుంది. టైమర్ నిజంగా పోయి, దొరక్కపోతే, బటన్ పెట్టుకోవచ్చు. కానీ ఆ బటన్ రిలే కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇవ్వాలి. దానికి 1 స్క్వేర్ వైరు చాలు. లావు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు, 70 ఆంపియర్ల రిలే, ప్లగ్గులు, ఇలా ఇంజన్ గదిలోనే ఉండిపోవాలి. బటన్ వదలగానే ఆగిపోయే రకం ఉండాలి, నొక్కితే నిలిచిపోయే స్విచ్చి వద్దు. అదీ మీ ప్లగ్గు ఒంటి మీద 11 వోల్టులనో 12 వోల్టులనో రాసి ఉంటేనే. తక్కువ వోల్టేజీ ప్లగ్గులకి 12 నేరుగా ఇస్తే క్షణాల్లో పోతాయి. కామన్ రైల్ (కొత్త రకం డీజిల్) బళ్లలో చాలావాటికి హీటింగ్ ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, చేతిలో ఉంటుంది, అలాంటి బండికి ఈ జంపర్ పనులేవీ చేయకండి.

బండి అందుకోవట్లేదని ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, స్టార్టింగ్ స్ప్రే కొట్టడం ఈలోగా ఎవరో ఒకరు చెప్తారు. హీటర్లు ఉన్న ఇంజన్‌కి అది చేయకూడదు. వాటిలో ఒక్క ప్లగ్గు ఎర్రగా ఉన్నా ఆవిరి వేళకాని వేళ పేలుతుంది. పిస్టన్ రింగులు విరగడం, మానిఫోల్డు నుంచి మంట వెనక్కి తన్నడం రెండూ జరుగుతాయి.

లోడు మీద నాలుగు ప్లగ్గుల దగ్గరా 11 దాకా వచ్చి, అయినా బండి మొరాయిస్తే, అప్పుడు కొత్త ప్లగ్గుల్నే అనుమానించండి. రేకు విప్పేసి, 21 వాట్ల బల్బు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస ప్లగ్గు తలకి తాకిస్తే బల్బు పూర్తిగా వెలగాలి. వెలగని ప్లగ్గు పోయినట్టే. వెలిగినంత మాత్రాన కొన కాలుతుందని కాదు కాబట్టి, ఒకదాన్ని విప్పి వైసులో పట్టి, జంపర్ కేబులుతో కరెంటిచ్చి చూడండి. కొన ముందు ఎర్రబడాలి. మధ్యలోనో మెడ దగ్గరో ముందు ఎర్రబడితే అది నాసిరకం. విప్పేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండనివ్వండి, మొండికేస్తే నూనె వేసి ఆగండి, బలవంతం చేయొద్దు.

ప్లగ్గులూ ఎర్రగా కాలుతున్నాయి, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 కిందకి దిగట్లేదు, ఇంజన్ చురుగ్గా తిరుగుతోంది, అయినా మన ఊళ్ల చలికే తెల్లపొగతో సతాయిస్తోంది అంటే వైరింగ్ పని అయిపోయిందనుకోండి. అప్పుడు ట్యాపెట్ క్లియరెన్సు (వాల్వుల దగ్గరి సందు) చూపించి, హీటర్ ప్లగ్గు రంధ్రంలోంచే కంప్రెషన్ గేజి పెట్టించండి. ఎంత వస్తోందన్నదానికన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముందు చూడమనండి. అది బాగుంటేనే డీజిల్ చిమ్మే నాజిళ్లు, పంపు టైమింగ్ దగ్గరికి వెళ్లాలి.